కరివేపాకులో దాగిన వైద్యుడు



ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక పిల్లల్ని వెంటబెట్టుకొని మీరెప్పుడైనా చెరువు గట్టుమీదికి వెళ్లారా? కాప్రా చెరువు గట్టు గానీ, మీ విచారణకు దగ్గరలో ఉన్న మరే చెరువు గట్టు గానీ కావచ్చు. నీటి అంచున, మురుగు కాలువ పక్కన, గరాటు ఆకారంలో లేత ఊదారంగు పూలు పూసే మొక్క ఒకటి గుబురుగా పెరిగి ఉంటుంది. తెలంగాణలో మనం దానిని లొట్టపీసు అంటాము. కోస్తా వైపు తూటికాడ అంటారు. పశువులు దానిని ముట్టవు, మనుషులు పట్టించుకోరు. ఈసారి వెళ్లినప్పుడు దాని ఆకుల్ని ఒక్కసారి తిప్పి చూడండి. జల్లెడ పట్టినట్టు చిల్లులు పడిన ఆకు కనిపిస్తే అక్కడ ఆగండి. ఆ పనిచేసిన పురుగు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది.

వేలిగోరంత పురుగు. గుండ్రంగా, బోర్లించిన పళ్లెంలా ఉంటుంది. వీపు లేత పసుపు. అంచులు గాజులా పారదర్శకం. ఆ పసుపు మీద ఎవరో గింజలు చల్లినట్టు నల్లని చుక్కలు. వేలితో తాకితే తల, కాళ్లు లోపలికి ముడుచుకొని తాబేలులా ఆకును కరచుకొని ఉండిపోతుంది. ఆకులు తినే పెంకు పురుగుల కుటుంబంలో ఇది ఒకటి. ఆ కుటుంబంలో ఇంతవరకు పేరు పెట్టిన జాతులే 35 వేలకు పైగా ఉన్నాయి.

మీ పిల్లవాడు దీని పేరేమిటని అడుగుతాడు. మనం పురుగు అంటాం. వాడు మళ్లీ అడుగుతాడు. అక్కడితో మన చదువు అయిపోతుంది. కానీ ఈ పురుగుకు 250 ఏళ్ల క్రితమే ఒక పేరు పెట్టారు. ఇలాంటి పేర్లు పెట్టే పనికోసం తన జీవితమంతా వెచ్చించి, చివరకు మన తెలుగు గడ్డమీద కన్నుమూసిన ఒక వైద్యుని కథ ఈ వారం మీకు చెప్పాలనుకొంటున్నాను. ఆయన మీకు అపరిచితుడు కాడు. ఈ ఉదయం మీ ఇంట్లో తాలింపు వేసినప్పుడు ఆయన పేరు కూడా నూనెలో చిటపటలాడింది.

లివోనియానుంచి తరంగంబాడికి

ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో, నేడు లాత్వియా దేశంలో భాగమైన లివోనియా ప్రాంతంలో జన్మించారు. మొదట మందులు తయారుచేసే విద్య నేర్చుకొన్నారు. ఆ రోజుల్లో మందులంటే చాలావరకు మొక్కలే. ఏ వేరు ఏ రోగానికి పనికివస్తుందో తెలియాలంటే ముందు ఏ మొక్క ఏదో తెలియాలి. ఒకదానికొకటి దగ్గరగా ఉండే రెండు ఆకుల్లో ఒకటి మందు కావచ్చు, రెండోది విషం కావచ్చు. పేరు తప్పితే ప్రాణం పోతుంది. చిన్న వయసులోనే ఆయనకు అబ్బిన ఈ జాగ్రత్త చివరిదాకా ఆయన్ను విడువలేదు.

ఆ కాలంలో స్వీడన్‌లో లిన్నేయస్ అనే మహాపండితుడు ఉండేవారు. ప్రపంచంలోని ప్రతి మొక్కకూ, ప్రతి జంతువుకూ రెండు మాటల పేరు ఉండాలని ఆయన నిర్ణయించారు. మొదటి మాట ఇంటిపేరు, రెండోది సొంత పేరు. మన తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. మనకూ ఇంటిపేరే ముందు వస్తుంది. 1758లో వెలువడిన లిన్నేయస్ గ్రంథం పదవ ముద్రణనుంచే జంతువుల శాస్త్రీయ నామాలను నేటికీ లెక్కిస్తారు. దానికి ఒక ఏడాది ముందు, 1757లో, కోనిగ్ ఆయన దగ్గర శిష్యరికం చేశారు.

లిన్నేయస్ తన శిష్యుల్ని దూరదేశాలకు పంపేవారు. వారిని అపోస్తలులు అని పిలవడం వాడుకగా మారింది. మొక్కలు, పురుగులు సేకరించి పంపడం వారి పని. వారిలో పలువురు సముద్రాల మీద, పరాయి దేశాల్లో జ్వరాలతో మరణించి, తిరిగి ఇంటి ముఖం చూడలేదు. ఆ అపోస్తలుల పట్టికలో కోనిగ్ పేరు సాధారణంగా కనిపించదు. అయినా ఆయన నడిచిన దారి అదే.

1759నుంచి ఆయన డెన్మార్కులో ఉన్నారు. అక్కడినుంచి ఐస్‌లాండు వెళ్లి మంచుగాలుల మధ్య మొక్కలు పరిశీలించారు. వేలెడంత కూడా ఎదగని ఒక చలిదేశపు మొక్కకు లిన్నేయస్ కోనిగియా అని పేరు పెట్టారు. శిష్యుని పేరుకు దక్కిన మొదటి గౌరవం అది.

1767లో ఆయన భారతదేశానికి ప్రయాణం కట్టారు. తమిళదేశపు తీరాన తరంగంబాడి అనే చిన్న రేవు అప్పుడు డెన్మార్కు వారి చేతిలో ఉండేది. అక్కడ 1706నుంచి లూథరు శాఖకు చెందిన మిషను పనిచేస్తున్నది. ఆ మిషనుకు వైద్యునిగా కోనిగ్ వచ్చారు. ఆయన మన శాఖవారు కారు, గురువూ కారు. రోగుల్ని చూసేవారు, మందులిచ్చేవారు. తీరిక దొరికితే చేతిలో పెట్టె పట్టుకొని పొలాలవెంట, గుట్టలవెంట వెళ్లేవారు.

పెట్టెలో ఏముండేది?

పాఠకులారా, ఆ పెట్టెలోకి ఒకసారి తొంగిచూద్దాము. ఎండబెట్టిన మొక్కలు, సూదులకు గుచ్చిన పురుగులు, వాటి పక్కన చిన్న చీటీలు. ఆ చీటీయే అసలు సంపద. ఎక్కడ దొరికింది, ఎవరు పట్టారు అన్న సంగతి లేకపోతే పురుగు వట్టి పెంకుతో సమానం.

ఒక కొత్త జాతిని లోకానికి పరిచయం చేయడం అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఎవరూ చూడని పురుగును చూడటం ఒక్కటే చాలదు. దానిని చెరువు గట్టున పశువులు కాచే పిల్లలు వెయ్యేళ్లుగా చూస్తూనే ఉంటారు. దానిని తీసుకొని, అంతవరకు పేరు పెట్టిన దాని చుట్టాలన్నింటి పక్కనా ఉంచి, ఇది వాటిలో ఏదీ కాదని నిర్ధారించుకోవాలి. ఎందుకు కాదో మాటల్లో వ్రాయాలి. పేరు పెట్టి అచ్చువేయాలి. ఆ పురుగును భద్రపరచాలి. రేపు ఎవరైనా అనుమానం వస్తే వచ్చి సరిచూసుకోవడానికి అది సాక్ష్యం. చుక్కల లెక్క ఒక్కటే నమ్ముకొంటే మోసపోతాము. ఒకే జాతిలో ఒకదానికి చుక్కలు పెద్దవిగా, మరొకదానికి చిన్నవిగా ఉండవచ్చు. అందుకని కాళ్లు, మీసాలు, రెక్కల మీది గీతలు, అన్నీ చూడాలి. ఇది ఓపిక పని. తొందరపడేవారికి లొంగదు.

తరంగంబాడిలో కూర్చొని కోనిగ్ ఈ పని అంతా చేయలేరు. సరిచూసుకోవడానికి పుస్తకాలు లేవు, వస్తు సంగ్రహాలు లేవు. అందుకని ఆయన పెట్టెలు కట్టి ఓడలమీద పంపేవారు. మొక్కలు లిన్నేయస్‌కు వెళ్లేవి. పురుగులు ఫాబ్రీషియస్ అనే మరొక శిష్యునికి చేరేవి. ఈ ఫాబ్రీషియస్ 1745లో పుట్టినవారు. ఆయన తన జీవితకాలంలో దాదాపు 10 వేల కీటక జాతులకు పేర్లు పెట్టారు. అంత పని చేసినవారు ఆ శతాబ్దంలో మరొకరు లేరు.

1775లో ఫాబ్రీషియస్ సిస్టెమా ఎంటమాలజియే అనే లాటిన్ గ్రంథం అచ్చువేశారు. మనం చెరువు గట్టున వదిలి వచ్చిన ఆ చుక్కల పురుగు ఆ పుస్తకంలోనే మొదటిసారి పేరు తెచ్చుకొంది. కస్సిడా మిలియారిస్ అని దానికి పేరు. కస్సిడా అంటే శిరస్త్రాణం. మిలియారిస్ అంటే చిరుధాన్యానికి సంబంధించినదని అర్థం. శిరస్త్రాణం మీద కొర్రగింజలు చల్లినట్టు ఉన్నదన్నమాట. చూసి పెట్టిన పేరని మీకే తెలుస్తుంది. తరువాతి కాలంలో ఇంటిపేరు మారి ఆస్పిడిమార్ఫా అయింది. సొంత పేరు మాత్రం మారలేదు. అది చిలగడదుంప తీగల ఆకుల్ని కూడా తింటుంది. లొట్టపీసు అమెరికా ఖండంనుంచి వచ్చిన మొక్క. వచ్చిన అతిథి ఇంటికే ఈ పురుగు భోజనానికి అలవాటుపడింది!

అదే పుస్తకంలో మరొక పేరు చూడండి. పత్తికాయల మీద, బెండ మొక్కల మీద, బూరుగు చెట్ల కింద గుంపులుగా తిరిగే ఎర్రని పురుగు మీకు తెలిసే ఉంటుంది. వీపుమీద రెండు నల్లని చుక్కలుంటాయి. తరచు రెండేసి పురుగులు వెనుకభాగాలు అతుక్కొని నడుస్తుంటాయి. పత్తిరైతుకు అది శత్రువు. గింజల రసం పీల్చి, దూదికి మరక పడేటట్టు చేస్తుంది. అది పెంకు పురుగు కాదు, నల్లి జాతి. దానికి ఫాబ్రీషియస్ తన స్నేహితుని పేరే పెట్టారు. నేటికీ దాని శాస్త్రీయ నామం డిస్డెర్కస్ కోనిగై. పత్తి పండించే తెలుగు రైతు ప్రతి ఏటా కోనిగ్ పేరున్న పురుగుతో పోరాడుతున్నాడంటే నవ్వు వస్తుంది గదా!

ఇక కరివేపాకు. 1771లో లిన్నేయస్ మన కరివేప చెట్టుకు బెర్గేరా కోనిగై అని పేరు పెట్టారు. 1825లో మరొక పండితుడు దానిని ముర్రాయా అనే ఇంటిపేరు కిందికి మార్చారు. ఇంటిపేరు ఏదైనా చివర కోనిగ్ నిలిచే ఉన్నారు. పప్పులో, చారులో, పులిహోరలో, క్రిస్మస్ నాటి మాంసం కూరలో కూడా.

పేరు తప్పితే ఏమవుతుంది?

ఇంతకీ ఒక చుక్కల పురుగుకు పేరు పెడితే ఎవరికి లాభం అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మీ పెరటి వంకాయ మొక్కనే అడుగుదాము.

వంకాయ ఆకుమీద ఎర్రగా, గుండ్రంగా, చుక్కలతో ఒక పురుగు కనిపిస్తుంది. అక్షింతల పురుగు అంటాము. పేనుబంక పట్టిన చిక్కుడు మొక్కమీద మరొకటి కనిపిస్తుంది. దానినీ అక్షింతల పురుగే అంటాము. రెండూ ఒకటి కావు. మొదటిది వంకాయ ఆకును గీరి గీరి జల్లెడ చేసే శత్రువు. దాని వీపుమీద 28 చుక్కలుంటాయి. దానికి పేరు పెట్టినదీ 1775 నాటి ఫాబ్రీషియస్ పుస్తకమే. రెండవది పేనుబంకను తిని మొక్కను కాపాడే మిత్రుడు. ఏడు చుక్కలవాటికి లిన్నేయస్ 1758లోనే పేరు పెట్టారు. ఈ తేడా తెలియని చేయి రెండింటిమీదా ఒకే మందు చల్లుతుంది. శత్రువుతోపాటు కాపలావాడూ చస్తాడు. ఆ తరువాత పేనుబంకకు అడ్డు ఉండదు. ఒక చుక్కల పురుగునుంచి మరొక చుక్కల పురుగును వేరుచేసి చూపిన పాత లాటిన్ వాక్యం విలువ అప్పుడు తెలుస్తుంది.

అదే పుస్తకం ఒక కతోలిక గురువు కథలోనూ కనిపిస్తుంది. ఫ్రాన్సు దేశపు లాత్రేయ్ స్వామి 1786లో గురుపట్టం పొందారు. ఫ్రెంచి విప్లవం వచ్చింది. గురువులందరూ కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చేయాలన్నారు. ఆయన చేయలేదు. పట్టుకొనిపోయి బొర్దో నగరంలో చెరసాలలో వేశారు. చావు ఎదురుచూస్తున్న ఆ గదిలో, ఒక రోజున, నేలమీద పాకుతున్న చిన్న పెంకు పురుగును ఆయన వంగి పరీక్షగా చూస్తున్నారు. చెరసాల వైద్యుడు వచ్చి ఏమిటని అడిగారు. ఇది అరుదైన పురుగు అని లాత్రేయ్ స్వామి చెప్పారు. వైద్యుడు దానిని తీసుకొనిపోయి, పురుగులంటే ప్రాణం పెట్టే బోరీ అనే కుర్రవానికి చూపారు. ఆ కుర్రవాడు దానిని గుర్తించి, ఆ ఖైదీ సామాన్యుడు కాడని గ్రహించి, పెద్దలను ఆశ్రయించి ఆయనను విడిపించారు. తోటి ఖైదీలు బ్రతకలేదు. ఆ పురుగు నెక్రోబియా రూఫికోలిస్, అంటే ఎర్రమెడది. దాని పేరూ 1775 నాటి ఆ పుస్తకంలోనిదే.

ప్రాణం దక్కిన ఆ గురువు తన మిగతా జీవితం పురుగుల వంశవృక్షం సరిచేయడంలో గడిపారు. ఆకులు తినే పెంకు పురుగులన్నింటినీ ఒకే కుటుంబంగా చేర్చి 1802లో పేరు పెట్టినది ఆయనే. అంటే కాప్రా చెరువు గట్టుమీది మన చుక్కల పురుగుకు సొంత పేరు పెట్టినది ఫాబ్రీషియస్ అయితే, దానిని కుటుంబంలో చేర్చినది ఒక కతోలిక గురువు. 1833లో ఆయన మరణించాక పారిస్‌లో సమాధిమీద ఆ చెరసాల పురుగును చెక్కించారు.

చివరి ప్రయాణం

మళ్లీ మన వైద్యుని దగ్గరికి వద్దాము. మిషను ఇచ్చే జీతం ఆయన ప్రయాణాలకు చాలేది కాదు. 1774లో ఆయన ఆర్కాటు నవాబు కొలువులో ప్రకృతి పరిశోధకునిగా చేరారు. మద్రాసుకు ఉత్తరాన ఉన్న కొండలు తిరిగారు, సింహళం వెళ్లారు. 1778లో మద్రాసులోని ఈస్టిండియా కంపెనీవారు ఆయనను నెలజీతం మీద తీసుకొన్నారు. వ్యాపారానికి అక్కరకు వచ్చే మొక్కలు వెదకడం ఆయన ఉద్యోగం. అదే సంవత్సరం ఓడ ఎక్కి సయాము, మలక్కా వెళ్లి 1780లో తిరిగివచ్చారు. చూసినదంతా రోజువారీగా వ్రాసుకొన్నారు.

1779లో ఆయన చెదలమీద వ్రాసిన వ్యాసం జర్మన్ భాషలో అచ్చయింది. తంజావూరు ప్రాంతపు చెదపుట్టలు తవ్వించి చూసి వ్రాసిన వ్యాసమది. దక్షిణ భారతదేశపు చెదపురుగుల గురించి శాస్త్రీయంగా వ్రాసిన మొదటి రచన అదే. వానలు పడగానే రెక్కలతో గుంపులుగా లేచే ఉసిళ్లు మీకు తెలుసు. పల్లెల్లో వాటిని పట్టి, వేయించి తినడమూ మీ పెద్దలకు తెలుసు. ఆ సంగతి కూడా కోనిగ్ వదలకుండా వ్రాశారు. పెద్ద చదువులు చదివినవారు మన పేదవారి తిండిని వెక్కిరించడం చూశాము. ఆయన వెక్కిరించలేదు, నేర్చుకొన్నారు.

మన తెలుగు తీరంలో అప్పటికి ఇద్దరు వైద్యులు ఇదే పనిలో ఉన్నారు. సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్, విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్. రాక్స్‌బర్గ్ మొక్కల్ని, రస్సెల్ పాముల్ని పరిశీలించేవారు. వయసులో పెద్దవారైన కోనిగ్ దగ్గర రాక్స్‌బర్గ్ లిన్నేయస్ పద్ధతిని నేర్చుకొన్నారు. వారి పుస్తకాలు తెరిస్తే తెలుగు పేర్లు ఆంగ్ల అక్షరాల్లో కనిపిస్తాయి. రస్సెల్ వ్రాసిన పాముల పుస్తకంలో కాటుకరేకులపొడ అన్న మాట మన పల్లె నోటినుంచి వచ్చినదే. నేడు లోకమంతా ఆ పామును రస్సెల్ పేరుతో పిలుస్తున్నది. ఆ పేర్లు చెప్పిన మన పాములవారు, మందుల వైద్యులు, పశువుల కాపరులు ఎవరో చరిత్ర వ్రాసుకోలేదు.

1785లో కోనిగ్ కలకత్తా వైపు ప్రయాణమయ్యారు. ఆ ప్రయాణంలో, మే నెలలో, కళింగపట్నంలో ఉండగా ఆయనకు రక్తవిరేచనాలు పట్టుకొన్నాయి. అంతమందికి మందిచ్చిన చేతులు నీరసించాయి. కాకినాడలో కలిసిపోయి ఉన్న జగన్నాథపురం అప్పట్లో డచ్చివారి స్థావరం. అక్కడ ఆయన మంచం పట్టారు. సామర్లకోటనుంచి రాక్స్‌బర్గ్ వచ్చి శిష్యునిలా, వైద్యునిలా సేవచేశారు. మందు పనిచేయలేదు. ఆ సంవత్సరమే, 56 ఏళ్ల వయసులో, కోనిగ్ ఆ తెలుగు ఊరిలో కన్నుమూశారు. పుట్టిన ఊరు విడిచి వేల మైళ్లు వచ్చిన మనిషికి చివరి ఊరు మనది అయింది.

ఆయన ఆస్తి అంటే కాగితాలే. వాటిని లండన్‌లోని సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు వ్రాసి ఇచ్చారు. ఆ కాగితాల్లో ఎన్నో జాతుల వర్ణనలు అచ్చుకాకుండా ఉండిపోయాయి. కొన్నింటిని రెట్జియస్ అనే స్వీడన్ పండితుడు అచ్చువేశారు. సయాము దినచర్య 1894లో గానీ వెలుగు చూడలేదు. అప్పటికి ఆయన పోయి 109 ఏళ్లు. కంపెనీలో ఆయన స్థానం రస్సెల్‌కు దక్కింది. కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం 1795నుంచి రాక్స్‌బర్గ్ పేరుమీద వచ్చింది. పాముల గ్రంథం 1796లో రస్సెల్ పేరుమీద వచ్చింది. వారు దొంగిలించలేదు, కష్టపడి సంపాదించుకొన్నారు. కానీ దారి చూపినవానికి పెద్ద పుస్తకమంటూ మిగలలేదు.

అవసరం తీరాక మనిషిని పక్కన పెడితే మనం ఏమంటాము? కూరలో కరివేపాకులా తీసిపారేశారంటాము. ఆ సామెత ఈయనకు సరిపోయినంతగా మరెవరికీ సరిపోదు. కానీ పాఠకులారా, కరివేపాకును తీసి పళ్లెం అంచున పెట్టేది కూరకు సువాసన ఇచ్చిన తరువాతనే గదా! ఆ సువాసనను ఎవరూ తీసి పక్కన పెట్టలేరు.

మన చెరువు గట్టున

ఆదికాండములో దేవుడు మానవునికి అప్పగించిన తొలి పనుల్లో ఒకటి మీకు గుర్తున్నదా? ప్రాణులన్నింటినీ ఆదాము ముందుకు రప్పించారు, అతడు వాటికి ఏ పేరు పెడతాడో చూడటానికి. పేరు పెట్టాలంటే ముందు చూడాలి. మన ఇళ్లలో బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు గురువు మొదట అడిగేది పేరే. పేరున్నవానిని మనం తేలికగా పోగొట్టుకోము. తప్పిపోతే వెదుకుతాము.

పేరు పెట్టని ప్రాణుల సంగతి వేరు. 2015లో వెలువరించిన లౌదాతో సీ లేఖలో పోపు ఫ్రాన్సిస్‌గారు ఈ బాధనే వ్రాశారు. మనం ఎన్నడూ ఎరుగని జాతులు, మన పిల్లలు ఎన్నడూ చూడబోని జాతులు ఏటా వేలల్లో మాయమవుతున్నాయని. ఇది దూరపు అడవుల సంగతి మాత్రమే అనుకోకండి. నగరం కాప్రాను తనలో కలుపుకొన్నప్పటినుంచి చెరువు చుట్టూ ఇళ్లు పెరిగాయి, నీటిలో మురుగు చేరింది. అక్కడ ఏయే పురుగులు ఉండేవో, ఏవి పోయాయో లెక్కగట్టి వ్రాసుకొన్న ఇల్లు మనలో ఎన్ని? కోనిగ్‌కు పుస్తకాలు లేవు, తిరుగు జవాబు రావడానికి ఓడలు నెలలు పట్టేవి. ఈనాడు మన పిల్లల చేతిలో ఫోటో తీసే పరికరం ఉన్నది, అడగడానికి నగరంలోనే విశ్వవిద్యాలయాలున్నాయి. లేనిది ఆగి చూసే ఓపిక ఒక్కటే.

కాబట్టి ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. పూజ ముగిశాక పిల్లల్ని గట్టుమీదికి తీసుకువెళ్లండి. లొట్టపీసు ఆకు కింద చుక్కల పురుగును చూపించండి. చంపవద్దనండి. చుక్కలు లెక్కపెట్టమనండి. తేదీ, చోటు ఒక నోటుపుస్తకంలో వ్రాయమనండి. ఇంట్లో నాయనమ్మ గానీ, అమ్మమ్మ గానీ ఉంటే ఆ పురుగును తమ ఊరిలో ఏమని పిలిచేవారో అడిగి ఆ మాట కూడా పక్కన చేర్చమనండి. ఆ మాట ఆమెతోనే పోకుండా కాపాడిన పుణ్యం మీకు దక్కుతుంది.

ఇంటికి వచ్చి భోజనానికి కూర్చొన్నప్పుడు, పళ్లెం అంచున కరివేపాకు పెట్టబోయే పిల్లవానితో ఈ వైద్యుని కథ చెప్పండి. జగన్నాథపురంలో కన్నుమూసిన ఆయన కోసం భోజనం ముందు చేసే జపంలో ఒక్క మాట కలిపితే మరీ మంచిది.